కూర్చునే లెక్క

శుక్రవారం మధ్యాహ్నం రహమత్‌బీ గుంతకల్లు నుంచి కూతురికి ఫోన్ చేసి, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా ఒక్క మాట చెప్పింది.

"మీ నాయన కాలు విరిగిందే."

అనంతపురంలో, యూనివర్సిటీ ల్యాబులో టిఫిన్ డబ్బా విప్పబోతున్న ఆరీఫా చేతిలో మూత అలాగే ఉండిపోయింది.

"ఏ కాలమ్మా?"

వినేవాళ్ళకు ఇది వింత ప్రశ్న. కానీ లాల్ అహమ్మద్‌కు కాళ్ళు రెండు రకాలు. ఎడమది పుట్టుకతో వచ్చింది. కుడిది, మోకాలి కింద నుంచి, కూతురు చేసిచ్చింది.

"యా కాలేంది, నువ్వు చేసినదే. జుమా నమాజులో విరిగింది. మసీదంతా వినపడిందంట."

నాయనకు దెబ్బ తగిలిందా అన్నది కాదు ఆరీఫాకు ముందుగా వచ్చిన ఆలోచన. ఇది జరగడానికి వీల్లేదు, అన్నది. ఆ సంగతి తలుచుకుని తర్వాత చాలా సిగ్గుపడింది గానీ, వచ్చిన ఆలోచన వచ్చేసింది.

వీల్లేదని ఆమె అనుకోవడంలో పొగరు కొంత ఉంది, చదువు కొంత ఉంది. ఆమె పరిశోధన పొరల పదార్థాల మీద. కార్బన్ నారతో నేసిన నల్లటి గుడ్డను జిగురులో తడిపి, పొర మీద పొర పరిచి, అచ్చులో బిగించి కాలిస్తే ఇనుముతో పోటీపడే పట్టీ తయారవుతుంది. ఏ పొరలో నార ఏ దిక్కుకు పరిచారో దాన్నిబట్టి ఆ పట్టీ ఒకచోట వంగుతుంది, ఒకచోట మొరాయిస్తుంది. అది ఎంత బరువుకు ఎక్కడ వంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పే సమీకరణాలు రాయడం ఆరీఫా పని. లెక్క పూర్తయితే కంప్యూటరు ఒక రంగుల బొమ్మ చూపిస్తుంది. ప్రమాదం ఉన్నచోట ఎరుపు, భయం లేనిచోట నీలం.

నాయన పాదం ఆ లెక్కలోంచే పుట్టింది. చూడ్డానికి అది పాదంలా ఉండదు. కాలి గొట్టం చివర నుంచి దిగి, మడమ దగ్గర వంపు తిరిగి, వేళ్ళవైపు సాగే నల్లటి పట్టీ, అంతే. కానీ అడుగు వేస్తే సన్నగా వంగి, తిరిగి మనిషిని ముందుకు నెడుతుంది.

లాల్ అహమ్మద్ రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. బెళుగుప్ప దారిలో కంకర మీద బండి జారి కాలు పోయింది. బతుకంతా పట్టాల వెంట నడిచినవాడు నడక పోయినందుకు ఏడుస్తాడని ఇంట్లో అందరూ భయపడ్డారు. ఆయన దానికి ఏడవలేదు. మసీదులో వెనక గోడ పక్కన కుర్చీ వేసుకుని నమాజు చేయాల్సి వచ్చినందుకు ఏడ్చాడు. ఆసుపత్రి రబ్బరు పాదంతో కిందికి కూర్చుంటే మళ్ళీ లేపడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. "కుర్చీలో కూచుని తల వంచితే అది సలాం కొట్టినట్ల ఉంటాది. నుదురు నేలకు తగలకపోతే సజ్దా యాడయితాది?" అనేవాడు. మత పెద్ద హజ్రత్ వచ్చి, చాతకానివాడికి అదే సజ్దా అని ఎన్నిసార్లు నచ్చజెప్పినా వినలేదు. లాల్ అహమ్మద్ మొండితనం గుంతకల్లులో చాలామందికి తెలుసు.

అందుకే ఆరీఫా ఈ పాదం మొదలుపెట్టింది. నడక, మెట్లు, ఎగుడుదిగుడు నేల, అన్నీ లెక్కలోకి తెచ్చింది. అంతటితో ఊరుకోలేదు. బరువును కొలిచే పలచటి పరుపును ఇంట్లో జానిమాజ్ అనే నమాజు చాప కింద పరిచి, దాని మీద తనూ అమ్మా నమాజు చదివి, కూర్చున్నప్పుడు పాదం మీద ఎంత భారం పడుతుందో కొలిచి, ఆ అంకెలన్నీ లెక్కలో పెట్టింది. ఆ మాట సెమినార్లో చెప్పినప్పుడు ఆమె గొంతులో గర్వం దాగలేదు. పై దేశాల్లో ఇలాంటి పాదాలు ఎందరో చేశారు గానీ, నమాజు కూర్చోవడం తన లెక్కలో మాత్రమే ఉందని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు ఆ పాదం నమాజులోనే విరిగింది.

ల్యాబులో పొరలు పరిచేది చంద్రమోహన్. ధర్మవరంలో పట్టుమగ్గాల ఇంటివాడు. సంగతి వినగానే అతని ముఖం పాలిపోయింది.

"నా చెయ్యేమన్నా తప్పిందా అక్కా?"

కాదని చెప్పడానికి ఆరీఫాకు నోరు రాలేదు. తప్పు అతనిదైతే బాగుండునని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. బ్యాగు భుజాన వేసుకుని స్టేషనుకు పరిగెత్తింది.

ఇంటికి చేరేసరికి లాల్ అహమ్మద్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుడి పైజామా కాలు మడిచి పిన్నీసు పెట్టి ఉంది. పక్కన పీట మీద, తువ్వాలులో చుట్టి, పాదం.

"దెబ్బ తగిలిందా నాయనా?"

"నాకేం కాలే. అతావుల్లా ఒళ్ళో పడినా. పాపం వానికే మోకాలు కదిలింది."

అతావుల్లా ఆయనతో పాటు గ్యాంగులో పనిచేసిన స్నేహితుడు. నాయన కుర్చీ వదిలి వరసలోకి వచ్చినప్పటినుంచి ఇద్దరూ భుజం భుజం ఆనించే నిలబడతారు.

"ఎట్ల జరిగింది?"

"సజ్దా నుంచి లేసి కూచుంటాండా. తుపాకి పేలినట్లయింది. హజ్రత్ కూడా ఊపిరి బిగబట్టినాడు. నేను పక్కకు ఒరిగిపోయినా. అంతే."

ఆరీఫా తువ్వాలు విప్పింది. విప్పి, నమ్మలేక, కిటికీ వెలుతురులోకి తీసుకుపోయింది. విరిగింది వేళ్ళ దగ్గర కాదు, పట్టీ సన్నబడినచోట కాదు. మడమ వంపు దగ్గర, అన్నిటికంటే గట్టిగా ఉన్నచోట, తడిసి ఎండిన అట్టలా పొరకు పొర విడిపోయి ఉంది. ఆమె రంగుల బొమ్మలో అక్కడ ముదురు నీలం. ఏ తుపాకి గుండునైనా తట్టుకుంటుందని ఆమె చంద్రమోహన్‌తో సరదాకు అన్న చోటు అది.

"ఇంకోటి చేస్తా నాయనా," అంది.

"వద్దులేమ్మా. ఇంగ చాలు."

ఆయన కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆరీఫా తట్టుకునేది.

"పైనున్నాయన తన ఇంట్లో, జుమా దినం, అంత మంది ముందర విరగ్గొట్టినాడు. నాకు కుర్చీనే రాసిపెట్టినాడని అర్థం కాదా? నా సజ్దా ఆయనకు అక్కర లేదు."

ఆరీఫా బిత్తరపోయి చూసింది. కాలు తీసేసిన రోజు కూడా దేవుణ్ణి ఒక్క మాట అనని మనిషి. ఆమె లెక్కలో ఎక్కడో దాక్కున్న తప్పును తీసుకుపోయి దేవుడి ఖాతాలో రాస్తున్నాడు. ఆ తప్పు ఏదో కనిపెట్టి ఈయన ముందు పెట్టకపోతే ఈ మనిషి బతికినన్నాళ్ళూ దేవుడు తనను వద్దన్నాడనే అనుకుంటాడు. పాదం మాట తర్వాత. ముందు ఆ మాట తప్పని తేలాలి.

ల్యాబుకు తిరిగి వచ్చి విరిగిన చోట చిన్న ముక్క కోసి మైక్రోస్కోపు కింద పెట్టారు. చంద్రమోహన్ ఒక్కో పొరా చూసుకుంటూ పోయాడు. నార దిక్కులన్నీ సరిగ్గా ఉన్నాయి, మధ్యలో గాలి బుడగ ఒక్కటి లేదు. అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆరీఫా పీల్చుకోలేకపోయింది, ఎందుకంటే ఇక మిగిలింది తనే.

లెక్క మళ్ళీ నడిపింది. నీలం. బరువు పెంచి నడిపింది. మళ్ళీ నీలమే. కంప్యూటరుకు సిగ్గూ లేదు, మొహమాటమూ లేదు. అడిగినదానికే జవాబు చెబుతుంది, అడగనిదాన్ని గురించి నోరెత్తదు.

పొరలు అలా విడిపోవాలంటే ఏం జరగాలో ఆమెకు తెలుసు. వంపును మూసే దిక్కుగా నొక్కితే పొరలు ఒకదాన్నొకటి అదుముకుంటాయి, బలం పెరుగుతుంది. అదే వంపును తెరిచే దిక్కుగా లాగితే ఒకదాన్నుంచి ఒకటి ఊడిపోవాలని చూస్తాయి. అప్పుడు వాటిని పట్టి ఉంచేది మధ్యనున్న జిగురు ఒక్కటే, దానికున్న సత్తువ ఎంత? నడకలో ప్రతి అడుగూ వంపును మూస్తుంది. మెట్లెక్కినా అంతే. మరి తెరిచింది ఏది? నాయన ఏదో చేశాడు, చెప్పడం లేదు. నిచ్చెనెక్కి ఉంటాడు. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చూసుకోవడానికి పోయి ఉంటాడు. ఆయన అలాంటివాడే.

ఈ అనుమానాన్ని మోసుకుని మళ్ళీ గుంతకల్లు వచ్చింది.

"నిజం చెప్పు నాయనా. మిద్దె ఎక్కినావు కదా?"

"నేనా?" లాల్ అహమ్మద్ ముఖం ఎర్రబడింది. "మీ అమ్మను అడుగు. ఆ కాలేసుకుని మసీదుకు పోయినా, వచ్చినా. నమాజు తప్ప ఏం చేసినా?"

"అయితే నమాజులో ఎట్ల కూచున్నావో చూపించు."

"నీకు తెల్దా? నువ్వు ఐదు పూటలా చదువుతావు కదా."

"తెలుసు. అయినా చూపించు."

విసుక్కుంటూనే కుర్చీలోంచి కిందికి జారి జానిమాజ్ మీదికి వచ్చాడు. ఎడమ పాదం పరిచి దాని మీద కూర్చున్నాడు. కుడి కాలు మోకాలి దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, విరిగిన పాదాన్ని చేత్తో తీసుకుని అది ఉండాల్సిన చోట పెట్టాడు. గొట్టం నేలకు అడ్డంగా. పాదం నిటారుగా. మడమ పైకి, వేళ్ళ కొన నేల మీద.

"ఇట్ల. వేళ్ళు పడమటికి, కిబ్లా దిక్కుకు. దీని మీద ఆనుకుని లేస్తాం." అంటూ అరచేత్తో పైనుంచి నొక్కాడు.

ఆయన అరచేతి కింద వంపు నోరు తెరిచింది. పొరలు ఒకదాన్నుంచి ఒకటి విడిపోయి, మధ్యలో చీకటి కనిపించింది. చెయ్యి తీశాడు, మూసుకుంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ తెరుచుకుంది.

ఆరీఫా వంగి ఆ చీకటిలోకి చూసింది.

ఆ కూర్చోవడం ఆమెకు తెలియనిది కాదు. చిన్నప్పుడు నాయన వెనకే కూర్చుని ఆయన మడమ వైపు ఎన్నిసార్లు చూసిందో. మగవాళ్ళు కుడి పాదం వేళ్ళ మీద నిలబెట్టి కూర్చుంటారు. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు అలా కూర్చోరు. రెండు పాదాలూ కుడి పక్కకు తీసి, నేల మీద వాల్చి, ఒంటిని దగ్గరకు ముడుచుకుని కూర్చుంటారు. సజ్దాలోనూ అంతే. పాదం పక్కన పడి ఉంటుంది, దాని మీద భారమన్నది ఉండదు. ఆ పరుపు మీద కూర్చున్నది తనూ అమ్మా. కొలిచింది ఆ కూర్చోవడాన్ని. ప్రపంచంలో ఎవరి లెక్కలోనూ లేని నమాజు తన లెక్కలో ఉందని చప్పట్లు కొట్టించుకుంది. ఉన్నది ఆడవాళ్ళ నమాజు. పాదం మగవాడిది.

నమాజు తెలియనివాడు ఎవడైనా అయితే వచ్చి అడిగేవాడు, మీ నాయన ఎలా కూర్చుంటాడమ్మా అని. ఆమెకు తెలుసు కాబట్టే అడగలేదు. ఆమె జానిమాజ్ అంచున కూలబడింది.

"ఏమైందే?" అంటూ రహమత్‌బీ వంటింట్లోంచి వచ్చింది. కూతురు చెప్పింది విని ఆవిడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఆ పరుపు మీద నేనూ చదివితి కదనే. నాకూ తట్టలేదు."

"నాయనా," అంది ఆరీఫా. "విరగ్గొట్టింది ఆయన కాదు. నేను. నేను కూచున్నట్ల నువ్వు కూచుంటావని లెక్క వేసినా. నీ కూర్చోడమే నా లెక్కలో లేదు."

లాల్ అహమ్మద్ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని విడిపోయిన పొరల మీద వేలు రాశాడు. అర్థమైందో లేదో ముఖం చూస్తే తెలియలేదు. చివరకు వేరే మాట ఎత్తాడు.

"అది ముందునుంచే టిక్కుమంటాండె."

"ఏంది?"

"కాలు వచ్చిన కొన్నాళ్ళకే మొదలైంది. కూచున్నప్పుడల్లా టిక్. రానురాను పెద్దదైంది. అతావుల్లాకు కూడా వినపడె."

పొర ఊడేటప్పుడు వచ్చే చప్పుడు అది. ల్యాబులో దాన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రమే ఉంది. ఇక్కడ ఆయన చెవులకు వినబడుతూనే ఉంది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు తీసుకుపోతావు. మళ్ళా కుర్చీ." ఆయన కళ్ళు ఎత్తలేదు. "టిక్కుమన్నప్పుడల్లా దువా చేస్తి, ఇంగొక్క దినం నిలబెట్టు అని."

"విరిగితే పడిపోతావని తెలిసీనా?"

"పడితే మసీదులోనే కదమ్మా పడేది."

ఆరీఫాకు ఏడుపు ఆగలేదు. ఆపుకోవాలని ప్రయత్నించలేదు కూడా. ఒక్కో టిక్కుకూ భయపడుతూ, ఒక్కో టిక్కుకూ వేడుకుంటూ ఈ మనిషి అన్నాళ్ళూ నుదురు నేలకు ఆనించాడు. వేడుకున్నది దక్కలేదు కాబట్టే దేవుడు వద్దన్నాడనుకున్నాడు.

రంజాను నెల దగ్గర పడుతోంది. ఆరీఫా ల్యాబుకు వెళ్ళి నాయన కూర్చోవడాన్ని లెక్కలో పెట్టింది. వంపు మొత్తం ఎర్రగా మండింది. జవాబు అంత సులువుగా అంత స్పష్టంగా రావడం చూసి ఆమెకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వంపు మందం పెంచి చూసింది. కూర్చోవడానికి ఆగుతుంది గానీ నడకకు రోకలి కట్టుకున్నట్టే. పొరలను ఒకదానితో ఒకటి దారంతో కుట్టి చూద్దామని చంద్రమోహన్ అన్నాడు. మంచి ఆలోచనే. అయితే అది నిలుస్తుందో లేదో తేలేసరికి ఈ పండగ కాదు, వచ్చే పండగ కూడా దాటిపోతుంది. ఈలోగా పాత అచ్చులోనే, పాత లెక్కతోనే ఇంకో పాదం చేశారు. నడకకైనా పనికొస్తుందని.

దాన్ని తీసుకుని ఇంటికి వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇది నడకకు బాగుంటాది నాయనా. నమాజుకు మాత్రం..." అని ఆగింది. కుర్చీ అన్న మాట నోటికి రాలేదు. ఇంకో దారి కూడా ఆమెకు తోచకపోలేదు. అది అసలే నోటికి రాలేదు. రైలు కూతలాంటి గొంతుతో గ్యాంగును నడిపించిన మనిషి. నాయనకు ఆ మాట ఎలా చెబుతుంది?

లాల్ అహమ్మద్ కొత్త పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒగ మాట అడుగుతా. నువ్వు ఏ కూర్చోడానికి దీన్ని లెక్క వేసినావో, ఆ కూర్చోడానికి ఇది ఆగుతాదా?"

"ఆగుతాది. దానికి ఢోకా లేదు."

"టిక్కుమనదా?"

"అనదు నాయనా. కానీ అది ఆడోళ్ళ..."

"అడిగిందానికి జవాబు చెప్పినావు కదా. చాలు." ఆయన పాదాన్ని ఒళ్ళోకి దించుకున్నాడు. "చాతకానోడు ఎట్ల చాతనయితే అట్ల కూచోవచ్చని హజ్రత్ చెప్తానే ఉండె. కుర్చీని గురించి చెప్తాండాడనుకుంటి. నేల మీద కూడా ఇంగో తీరు ఉండాదని నాకు తట్టలే."

కొత్త పాదం తొడుక్కున్నాడు. జానిమాజ్ తనే పరిచాడు. దాని పక్కన చెయ్యి పెట్టి కూతుర్ని పిలిచాడు.

"ఈడ కూచో. నువ్వెట్ల కూచుంటావో చూపించు."

వంటింటి గుమ్మంలో రహమత్‌బీ గరిటె పట్టుకుని రాయిలా నిలబడిపోయింది. కాపురానికి వచ్చినప్పటినుంచి ఈ మనిషి ఎవరి దగ్గరా ఏదీ నేర్చుకోగా ఆవిడ చూడలేదు.

ఆరీఫా కూర్చుంది. రెండు పాదాలూ కుడి పక్కకు తీసింది. ఆయన చూసి చేయబోయి, ఒకవైపు ఒరిగిపోయి, నేల పట్టుకుని సర్దుకున్నాడు. తుంటి పట్టేసింది. ఇంకోసారి ప్రయత్నించాడు. "మోకాళ్ళు దగ్గరకు తీసుకో నాయనా," అంది ఆరీఫా. ఆయన తీసుకున్నాడు. నల్లటి పాదం పక్కకు వాలి నేల మీద ఊరికే పడుకుంది. అప్పుడు ముందుకు వంగి, చేతులానించి, నుదురు నేలకు పెట్టాడు.

ముగ్గురూ చెవులు రిక్కించారు. వీధిలో పాల బండి పోయింది. చప్పుడేమీ రాలేదు. ఆయన చాలాసేపు లేవలేదు.

రంజాను పండగ నాడు ఈద్గా మైదానం నుంచి అందరికంటే ముందు ఇంటికి వచ్చింది అతావుల్లా. వరండాలో కూలబడి నీళ్ళడిగాడు.

"వదినా, నీ మొగుడు ఈ దినం నా ప్రాణం తీసినాడు. ముందు వరసలో, ఊరంతా ఉండంగ, కొత్త కోడలు మాదిరి కాళ్ళు పక్కకేసుకుని కూచున్నాడు. నేను నమాజు చివర సలాం చెప్పి తల తిప్పితే ఆ నల్ల పాదం నా తొడ మీద ఉండాది. వెనక వరసల్లో గుసగుసలు. ఒగడు నవ్వినాడు కూడా."

ఆరీఫా సేమ్యా గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. "నాయన ఏమన్నాడు?"

"నమాజు కాంగానే నేనే అడిగితి. ఏమప్పా లాలూ, ఆడోళ్ళ మాదిరి కూచుంటివి, తల కొట్టేసినట్ల లేదా అని." అతావుల్లా నీళ్ళు తాగి, గ్లాసు పక్కన పెట్టాడు. "నెమ్మదిగా కాదు, అందరికీ వినపడేట్ల చెప్పినాడమ్మా. ఈ కాలు నా బిడ్డది, బిడ్డ ఎట్ల కూచుంటాదో కాలూ అట్లే కూచుంటాది, అన్నాడు."

అప్పుడే లాల్ అహమ్మద్ వీధి మలుపు తిరిగి వస్తున్నాడు. పాదం వంగుతోంది, లేస్తోంది. చాప అంచు దాటి వంగాడో ఏమో, నుదుటి మీద రూపాయి బిళ్ళంత ఎర్రమట్టి అంటుకుని ఉంది. తుడవబోయిన కూతురి చెయ్యిని ఆయన మెల్లగా పక్కకు తీసి, సేమ్యా పెట్టమన్నాడు.